నీళ్ల ట్యాంకుకు స్వరూప దిద్దిన సమీకరణం

రెండు వేల మూడవ సంవత్సరం, ఏప్రిల్ పదిహేడు, గురువారం. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. ఉదయం తొమ్మిది కాకముందే వడగాలి మొదలై, గోపాల్‌పేట నుంచి మా బడి ఉన్న ఊరికి వచ్చే మట్టిదారి దుమ్మునంతా లేపి వరండాలో కుమ్మరిస్తున్నది. 'వడగాలి'లోని 'వడ' తినే వడ కాదనీ, ఎండ వేడిమిని తెలిపే అచ్చతెలుగు మాట అనీ నేను ప్రతి వేసవిలో తెలుగు పాఠం మధ్యలో పిల్లలకు చెప్పేవాణ్ణి. ప్రతి వేసవిలో వాళ్లు తినే వడనే తలచుకొని నవ్వేవాళ్లు. ఉద్యోగ విరమణ చేసి నాగర్‌కర్నూలులో స్థిరపడ్డ తరువాత వడగాలులైతే ఏటా వస్తున్నాయి గాని ఆ నవ్వు వినబడడం లేదు. సరే, విషయానికి వస్తాను.

మా బడి పక్కనే కొత్త కాలనీ. ఊరి నీళ్ల ట్యాంకరు రోజూ చిట్టచివర ఆగే చోటు అదే. ఆ రోజు ఆగిన ట్యాంకరు మళ్లీ కదలలేదు. కాలనీ పెద్దమనిషి ఇస్రాయేలు ట్రాక్టరు ముందు చేతులు కట్టుకొని అడ్డంగా నిలబడ్డాడు. డ్రైవరు హన్మంతు పైనే కూర్చున్నాడు.

"దిగు హన్మంతూ. జర కిందికి దిగి మాట్లాడు."

"ఏందన్నా, గింత ఎండల గిట్ల ఆపుతవు?"

"బిందెలు లెక్కబెట్టినం. నాలుగు వాటాలల్ల ఒక వాటా అంటే గిన్నేనా? కడమ నీళ్లు యాడ పోతున్నయ్?"

"యాడ పోతయన్నా? నీ కండ్ల ముంగట్నే కర్ర పెట్టి చూపిచ్చిన గద. ఆఖరి గాటు కాడ ఉండె. అడుగు దాంక ఒంపిన."

"కర్ర మంచిదే. కర్ర పట్టినోని సంగతే తెల్వాలె."

వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు లేచింది. "అడుగు అడుగు, ఎవ్వరి తోటకు పారబెడుతుండో అడుగు! ఆదివారం ఈస్టరు పండుగ పెట్టుకొని ఇల్లు కడగనీకె నీళ్లు లేవు మాకు!"

హన్మంతు ముఖం నల్లబడింది. అప్పటికే నీళ్ల కమిటీ పెద్ద వెంకటస్వామికి కబురందింది. ఆయన వచ్చి, తువ్వాలతో మెడ తుడుచుకొని, తీర్పు చెప్పినట్లు చెప్పాడు. "సోమవారం కమిటీ కూసుంటది. అప్పటి దాంక ట్యాంకరు నువ్వే నడుపు. సోమవారం జవాబు చెప్పలేకపోతివా, తాళంచెయ్యి ఆడ పెట్టి పో. ఇంకొకన్ని చూసుకుంటం."

ఇంతసేపూ మా బడి గేటు దగ్గర సుద్దముక్క చేతిలోనే పట్టుకొని ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఆమె పేరు స్వరూప. మా బడిలో విద్యావాలంటీరు. హన్మంతు భార్య. ఈ కథ ఆమెది.

స్వరూప గద్వాలలో పుట్టింది. తండ్రి చేనేత కార్మికుడు. గద్వాల చీర ఒళ్లు నూలుతో, అంచు పట్టుతో నేస్తారనీ, ఒక్కొక్క పోగుకూ నూలునూ పట్టునూ మెలిపెట్టి కలుపుతూ పోవాలనీ అందరికీ తెలిసిందే. కలిపే చోట ఒక్క పోగు తప్పితే చీరంతా పీక్కుపోతుంది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు తప్పు ఎక్కడ ఉందో వెనక్కి పోయి వెతకడం చిన్ననాడే అలవాటయింది. ఇంటర్మీడియెట్‌లో లెక్కలు చదివి, మంచి మార్కులు తెచ్చుకొని, పెళ్లయి మా ఊరికి వచ్చింది. చదువు ఆగిపోయిందని ఆమె బాధపడుతుంటే అన్న విజయ్ హైదరాబాదులో కోఠి ఫుట్‌పాత్ మీద పాత సామాన్ల మధ్య ఒక కాలిక్యులేటరు చూసి కొని తెచ్చి ఇచ్చాడు. మామూలు కాలిక్యులేటరు కాదు. అరచేతికంటే పెద్దది. దాని తెర మీద గీతలు, వంపులు కూడా గీస్తుంది. దానితో పాటు రావలసిన పుస్తకం లేదు. ఒక్కొక్క మీట నొక్కి చూసి, ఏ మీట ఏం చేస్తుందో ఆమె తనంతట తానే కనిపెట్టుకున్నది. దానిలో వేసే సన్న సెల్లులు వనపర్తిలో తప్ప దొరకవు. అవి నీరసించినప్పుడు వాటిని ఎండలో పెట్టి బతికించడం మా స్టాఫ్‌రూములో నిత్యకృత్యం. బడి గోడ మీద అప్పడాలు ఎండబెట్టినట్లు సెల్లులు వరుసగా ఉండేవి.

ఆ యంత్రంలో ఆమెకు అన్నింటికంటే ఇష్టమైన భాగం పేరు సాల్వర్. దానికి నేను 'సాధకం' అని తెలుగు చేసి పెట్టాను. నేను తప్ప ఎవరూ వాడలేదు. అందులో ఒక సమీకరణం రాసిపెట్టాలి. తరువాత తెలిసిన విలువలు నింపి, తెలియనిదాని మీద కర్సరు నిలిపి, ఒక మీట నొక్కితే, యంత్రం కాసేపు ఆలోచించి ఆ తెలియనిదాన్ని వెతికి తెస్తుంది. విలువలు ఎన్నిసార్లయినా మార్చవచ్చు. సమీకరణమే తప్పయితే మాత్రం ఎన్ని విలువలు మార్చినా ప్రయోజనం లేదు. పైకి చూపే బాణం మీట నొక్కుతూ మొదటి వరుసకు పోయి, సమీకరణాన్నే దిద్దాలి.

ఆ సాయంత్రం బడి వదిలాక ఆమె నా దగ్గరికి వచ్చింది. లెక్కల మాస్టారు జయరాజు కూడా అక్కడే ఉన్నాడు.

"సార్, మా ఆయన నీళ్లు అమ్ముకోలేదు."

"మాకు తెలుసమ్మా," అన్నాను.

"మీకు తెలిస్తే సరిపోదు సార్. సోమవారం అందరికీ తెల్వాలె." ఆమె కుర్చీలో కూర్చోకుండానే మాట్లాడింది. "నేను ఆయన్ని అడిగిన. ఒంపుతుంటే నీకేం కనబడుతదని. మొదటి గాటు దబ్బున దిగుతదంట. నడిమి గాటు ఎంతకూ దిగదంట. అదేంది సార్ మరి?"

ఆ కర్ర సంగతి ఇక్కడ చెప్పాలి. ఊరిలో నాలుగు వాడలు. కచేరి వీధి, బొడ్రాయి వీధి, కుమ్మరి వాడ, కొత్త కాలనీ. ట్యాంకరు ఆ వరుసలోనే తిరుగుతుంది. ఎవరి వాటా ఎంతో తేల్చడానికి ఒక వెదురు కర్ర ఉంది. ట్యాంకు మూత తీసి కర్రను అడుగు దాకా దించి, తడి ఏ గాటు వరకు ఉన్నదో చూసి, అక్కడికి రాగానే కవాటం కట్టేయాలి. కవాటాన్ని వాళ్లు వాల్వు అంటారు, నేను మాత్రం కవాటమనే అంటాను. మునుపు ఎడ్లబండి మీద పెట్టె ఆకారంలో ఒక ఇనుప ట్యాంకు ఉండేది. దాని లోతును నాలుగు సమభాగాలు చేసి, వెంకటస్వామి తండ్రి నలుగురి ముందు కర్రకు గాట్లు పెట్టి, పసుపు పూసి ఇచ్చాడు. ఆ పద్ధతిలో ఎన్నడూ తగాదా రాలేదు. ఈ గొడవకు ముందటి ఏడు కరువు ముదిరి, ట్రాక్టరుకు తగిలించే గుండ్రటి ట్యాంకు కొన్నారు. దాని లోతు ఎక్కువ కాబట్టి కొత్త కర్ర కోశారు. మళ్లీ నలుగురూ కూర్చొని, లోతును నాలుగు సమభాగాలు చేసి, గాట్లు పెట్టి, పసుపు పూశారు.

తగాదా మొదలైంది అప్పటి నుంచే. కాలనీవాళ్లు గొడవ చేస్తే ముందుగా కవాటం మార్చారు. లాభం లేకపోయింది. తరువాత ఒక వారం వరుస తిప్పి, కాలనీకే మొదట పోశారు. అప్పుడూ కాలనీకి అన్నే బిందెలు వచ్చాయి. ముందు పోసినా తక్కువే, వెనుక పోసినా తక్కువే. ఇక హన్మంతుకు కాలనీ అంటే గిట్టదనీ, దారిలో ఎక్కడో నీళ్లు అమ్ముకుంటున్నాడనీ అనుకోవడం తప్ప వాళ్లకు వేరే దారి కనబడలేదు.

మరునాడు ఉదయం స్వరూప తన టిఫిన్ గిన్నెలో నుంచి ఒక జొన్నరొట్టె తీసి స్టాఫ్‌రూము బల్ల మీద పెట్టింది. గుడ్ ఫ్రైడే కావడంతో బడికి సెలవైనా, ఈ లెక్క కోసమే అక్కడ కలిశాం. జయరాజు మాస్టారు మధ్యాహ్నం మూడింటికి ఆరాధన ముగిసిన తరువాత వస్తానన్నాడు గాని, ఉండబట్టలేక చర్చికి పోతూ పోతూ తెల్లచొక్కాతోనే ఆగాడు.

"చూడుండ్రి సార్. ట్యాంకు నిలబడి లేదు, పండుకొని ఉన్నది. ముంగట నుంచి చూస్తే గీ రొట్టె లెక్క గుండ్రంగా కనబడుతది." ఆమె రొట్టెను ఒకే వెడల్పుతో నాలుగు అడ్డ పట్టీలుగా చింపింది. "నాలుగు పట్టీల వెడల్పు ఒకటే. మరి రొట్టె సమంగ వచ్చిందా?"

రాలేదు. నడిమి రెండు పట్టీలు పొడుగ్గా ఉన్నాయి. పై పట్టీ, కింది పట్టీ చిన్నవి.

జయరాజు ఆ చిన్న పట్టీ ఒకటి నోట్లో వేసుకొని, నములుతూ ఆలోచించి, "అయితే కచేరి వీధికి కూడా తక్కువే పడుతుండాలె గదమ్మా!" అన్నాడు.

"పడుతుంది సార్. వాళ్లకు తెల్వదు."

నాకు ఆ నిమిషంలో నవ్వు ఆగలేదు. కచేరి వీధి నీళ్లన్నీ పైపు పెట్టి వెంకటస్వామి ఇంటి ముందరి భూమిలోపలి సంపులోకి వదులుతారు. సంపులోకి పోయే నీళ్లను ఎవరు లెక్కపెడతారు? బిందెలతో పట్టుకొనే కాలనీవాళ్లకే లెక్క తెలుసు. వరుస తిప్పినా ఫలితం ఎందుకు మారలేదో కూడా అప్పుడే తెలిసింది. మొదటి పట్టీ, చివరి పట్టీ ఒకే కొలత.

స్వరూప నేరుగా వెంకటస్వామి దగ్గరికి పోయి, గుండ్రటి ట్యాంకుకు ఈ కర్ర పనికిరాదనీ, అందరి ముందూ డ్రమ్ములతో కొలిచి చూద్దామనీ అడిగింది. తోడుగా నేనూ వెళ్లాను.

"రొట్టె వేరే, ట్యాంకు వేరే తల్లీ," అన్నాడాయన. "గింత కరువుల ఒక ట్యాంకు నీళ్లు నీ పరీక్షకు ఎట్ల ఇడుస్తనమ్మ? ముందుగాల లెక్క తే. కర్ర మీద ఏడ గాటు పెట్టాలెనో చెప్పు. చెప్పినంక కొలుస్తం. నీ గాటు తప్పిందా, తాళంచెయ్యి సోమవారం దాంక కూడ ఉండది. రేపే."

"సరే పటేలా," అన్నది స్వరూప. హన్మంతు అక్కడే ఉన్నాడు. దారిలో ఆమెతో మెల్లగా, "సోమవారం దాంక ఉండె. రేపటికి తెచ్చినవ్ గదనే," అన్నాడు.

"రేపే మంచిది. ఆదివారం ఆళ్ల పండుగ."

మూడు గంటలకు ఆరాధన నుంచి తిరిగి వచ్చిన జయరాజు, నల్లబల్ల నిండా వృత్తం గీసి, నీటి మట్టం దగ్గర అడ్డగీత గీసి, వృత్తఖండం వైశాల్యానికి సూత్రం కట్టాడు. పెద్ద ముక్కలో నుంచి త్రిభుజం తీసివేయాలి, దాన్ని ట్యాంకు పొడవుతో గుణించాలి. నీళ్ల పరిమాణం 'వి', ట్యాంకు వ్యాసార్ధం 'ఆర్', లోతు 'హెచ్'. లోతు తెలిస్తే నీళ్లు ఎన్నో తేలికగా చెప్పవచ్చు. మనకు కావలసింది దానికి తలకిందులు. పావు ట్యాంకు నీళ్లున్నప్పుడు లోతు ఎంత? 'హెచ్' ఆ సూత్రంలో నాలుగైదు చోట్ల ఇరుక్కొని ఉంది. దాన్ని విడదీసి ఒక పక్కకు తేవడం ఎవరి తరమూ కాదని జయరాజు సుద్దముక్క కింద పెట్టాడు. "ఇక నీ మిషనే దిక్కమ్మా."

సమీకరణం అనే మాట గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. సంస్కృత వ్యాకరణంలో, ఒకటి కానిది ఆ ఒకటిగా అయినప్పుడు చేరే ప్రత్యయం ఒకటి ఉంది. 'సమ' శబ్దం 'సమీ' అయింది దానివల్లనే. అంటే సమీకరణమంటే సమంగా ఉన్నదాన్ని చూపించడం కాదు, సమంగా లేనిదాన్ని సమం చేయడం. ఈ సంగతి నేను అప్పుడే చెప్పబోతే జయరాజు, "పంతులుగారూ, సాయంత్రం చెప్దురు గాని," అన్నాడు. ఆ సాయంత్రం తీరిక దొరకలేదు. ఇప్పుడు దొరికింది.

ఆ సాల్వరుకు ఒక నియమం. మొదటి వరుసలో '0=' అని దానంతట అదే ఉంటుంది. మనం రాసేదంతా సున్నాకు సమానం కావాలి. కాబట్టి స్వరూప 'వి'ని కూడా ఇవతలి పక్కకు తెచ్చి, ముందు ఋణచిహ్నం పెట్టి రాసింది. ట్యాంకు పొడవూ అడ్డకొలతా హన్మంతు టేపుతో కొలిచి తెచ్చాడు. అడ్డకొలత నూట నలభై సెంటీమీటర్లు. పావు సంగతి తరువాత, ముందు సగం ట్యాంకు అడుగుదామన్నది స్వరూప. సగం నీళ్లకు లోతు డెబ్బై రావాలని చిన్న పిల్లలకైనా తెలుసు. యంత్రం కూడా అదే చెబితే దాన్ని నమ్మవచ్చు.

మీట నొక్కింది. యంత్రం 'ఊహ బాగాలేదు' అని ఇంగ్లీషులో మొరాయించింది.

"ఏమంటుందమ్మా?" అన్నాను.

"హెచ్‌ల ఎప్పటిదో పాత అంకె ఉన్నది సార్. ట్యాంకు కంటె లోతు. నీళ్లు ట్యాంకు బయట ఉన్నయని చెప్పినట్టాయె." ఆమె నవ్వి, వెతకడం అక్కడి నుంచి మొదలుపెట్టేలా లోతు యాభై అని ఊహ ఇచ్చి మళ్లీ నొక్కింది.

ఈసారి జవాబు వచ్చింది. వెంట్రుకవాసి కూడా లేని లోతు.

"సగం ట్యాంకు నీళ్లు తడిబట్టంత లోతుల ఉన్నయా?" అని హన్మంతు తల పట్టుకున్నాడు. "అయిపాయె. రేపు తాళంచెయ్యి నేనే ఇచ్చొస్త."

"జర నోరు మూసుకుంటవా?" అన్నది స్వరూప తెర మీది నుంచి కన్ను తీయకుండా.

తప్పు జయరాజుకు దొరికింది. ఆయన సూత్రం కోణాన్ని రేడియన్లలో అడుగుతుంది. యంత్రం డిగ్రీలలో కొలుస్తున్నది. ఆ అమరిక మార్చి మళ్లీ నొక్కితే, సగం ట్యాంకు లోతు నూట ఇరవై తొమ్మిది దగ్గర వచ్చింది.

"ఇప్పుడు సగం నీళ్లు మూత కాడికి ఎక్కినయ్," అన్నాడు హన్మంతు.

ఊహలు మార్చి చూడమని జయరాజు చెప్పాడు. స్వరూప ఇరవై ఇచ్చింది, వంద ఇచ్చింది. మార్పు లేదు. అప్పుడు ఆమె, "విలువలల్ల లేదు సార్ తప్పు, పైన ఉన్నది," అని, బాణం మీట నొక్కి మొదటి వరుసకు పోయింది. చీర అంచులో తప్పిన పోగును వెతికినట్లు, ఒక్కొక్క గుర్తు మీద కర్సరును ఆపుతూ, నల్లబల్లతో పోల్చుకుంటూ నడిచింది. నడుమ ఒక చోట ఆగింది. 'ఆర్ లోంచి హెచ్ తీసివేయగా వచ్చినది' అని కుండలీకరణంలో ఉండవలసినది, కుండలీకరణం లేకుండా పడింది. ఆ రెండూ విడిపోయి, వర్గమూలం ఒక్క హెచ్‌కే అంటుకుంది.

బ్రాకెట్ మీట నొక్కగానే కొత్త అనర్థం. బ్రాకెట్ వచ్చింది గాని దాని చోట ఉన్న ఆర్ మాయమయింది. "అయ్యో, తినేసింది!" అన్నది.

ఇక్కడ మాత్రం నాకు మాట్లాడే అర్హత దొరికింది. వ్యాకరణంలో ఉన్న అక్షరాన్ని తొలగించి దాని చోట మరొకటి కూర్చుంటే ఆదేశమంటాం. ఉన్నవాటిని కదిలించకుండా కొత్తది వచ్చి పక్కన చేరితే ఆగమమంటాం. "నీ యంత్రం ఆదేశం చేస్తున్నదమ్మా. నీకు కావలసింది ఆగమం," అన్నాను.

"దానికొక మీట ఉన్నది సార్!" అన్నది ఆమె. అది నొక్కితే కర్సరు రూపం మారింది. ఆర్ తిరిగి వచ్చింది. దాని ముందు ఒక బ్రాకెట్, హెచ్ తరువాత ఒక బ్రాకెట్ సర్దుకొని కూర్చున్నాయి. అందరం వంగి చూస్తున్నాం. మీట నొక్కింది. తెర మూలన చిన్న చుక్కలు కదిలాయి. తరువాత నింపాదిగా, మరో మాట లేకుండా, డెబ్బై.

హన్మంతు బల్ల మీద చెయ్యి చరిచాడు. ఎండబెట్టిన సెల్లులు రెండు కింద పడ్డాయి.

ఇక పావు అడిగింది. దాదాపు నలభై రెండు. ముప్పావు అడిగింది. తొంభై ఎనిమిది దాటి. పాత కర్రకు గాట్లు ఉన్నది ముప్పై ఐదు దగ్గర, నూట ఐదు దగ్గర. నడిమి గాటు ఒక్కటే రెండు లెక్కల్లోనూ కలిసింది.

స్వరూప కొత్త వెదురు కర్ర తీసుకొని, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఎర్ర పట్టుదారంతో ఆ మూడు చోట్లా ముడులు వేసింది. కత్తితో గాట్లు పెట్టలేదు. "నిజమైతెనే గాటు," అన్నది.

శనివారం ఉదయం గోపాల్‌పేటలో శామియానాలు కిరాయికిచ్చే దుకాణం నుంచి ఒకే తీరు డ్రమ్ములు తెచ్చి బడి మైదానంలో వరుసగా పెట్టారు. నాలుగు వాడలవాళ్లూ వచ్చారు. వడగాలి ఆ రోజు కూడా తగ్గలేదు. అయినా ఒక్కరూ నీడకు పోలేదు. తన మనిషి పట్టుకుంటే మళ్లీ మాట వస్తుందని స్వరూప పాత కర్రను హన్మంతుకు ఇవ్వకుండా ఇస్రాయేలు చేతిలో పెట్టింది.

ఇస్రాయేలు ట్యాంకు ఎక్కి కర్ర దించాడు. నీళ్లు మొదటి గాటుకు దిగగానే, "కట్టెయ్!" అని అరిచాడు. కచేరి వీధి వాటా. ఐదో డ్రమ్ము నిండలేదు.

తరువాత బొడ్రాయి వీధి వాటా. ఐదో డ్రమ్ము నిండింది, ఆరోది నిండింది, ఏడోది నిండింది. ఎనిమిదో డ్రమ్ము సగం దాటిన తరువాత గాటు వచ్చింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. కుమ్మరి వాడకు కూడా అచ్చంగా అంతే పడింది. చివరగా కొత్త కాలనీ. అడుగు దాకా ఒంపితే ఐదో డ్రమ్ము నిండలేదు.

ఇస్రాయేలు ట్యాంకు మీద నుంచి మొదటి వరుసను చూశాడు, చివరి వరుసను చూశాడు. "పటేలా, మీదీ మాదీ ఒకటే లెక్కుంది గద!"

వెంకటస్వామి తన వీధి డ్రమ్ముల దగ్గరికి పోయి ఐదో డ్రమ్ములోకి వంగి చూశాడు. తిరిగి లేచి, బొడ్రాయి వీధి వైపు చూశాడు. ఆ వీధిలో అందరికంటే పెద్దది సాయమ్మ. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది.

"ఏమవ్వా, మీకు గింతగనం ఎక్కువొస్తుందని తెల్వదా?"

"తెల్వక ఏంది పటేలా? మా డ్రమ్ములు మాకు తెల్వవా?" అన్నది సాయమ్మ. "దేవుడిస్తుండనుకున్నం. అడిగితే ఆపుతరని ఊకున్నం."

"ఇన్ని దినాలు ఈ పిల్లగాన్ని దొంగ అంటుంటే కూడ ఊకున్నవా?"

"నీ సంపుల తక్కువ పడుతుందని నీకే తెల్వకపాయె. నన్నంటవేంది?"

మైదానమంతా ఒక్కసారిగా నవ్వింది. కాలనీవాళ్లే ముందుగా నవ్వారు. హన్మంతు కూడా నవ్వాడు.

నవ్వులు సద్దుమణిగాక వెంకటస్వామి, "ఇది పాత కర్ర సంగతి. కొత్త కర్ర చూడాలె," అన్నాడు. మాటలో పెద్దరికం తగ్గకపోయినా గొంతులో పంతం లేదు. ఆ డ్రమ్ముల నీళ్లను నాలుగు వాడలకూ సమంగా పంచి, ట్యాంకరును రెండో నింపుకు పంపారు. మధ్యాహ్నానికి అది తిరిగి వచ్చింది.

పట్టుదారం ముడుల కర్రను కూడా ఇస్రాయేలే దించాడు. మొదటి ముడి. ఆరు డ్రమ్ములు నిండి ఏడోదాంట్లో కొద్దిగా. రెండో ముడి. ఆరు నిండి ఏడోదాంట్లో కొద్దిగా. మూడో ముడి వచ్చేసరికి జనమే డ్రమ్ములను గట్టిగా లెక్కపెట్టసాగారు. చివరగా కాలనీ వాటా. నాలుగు నిండాయి. ఐదోది అంచు దాకా వచ్చి పొర్లింది. ఆరోది నిండింది. ఏడోదాంట్లోకి ధార పడగానే కాలనీ ఆడవాళ్లు కేక వేశారు. ఆ కేక విని బడి గోడ మీది పిచ్చుకలన్నీ లేచిపోయాయి.

ఇస్రాయేలు కిందికి దిగి హన్మంతు ముందు నిలబడ్డాడు. "తమ్మీ, నోరు జారిన. మనసుల పెట్టుకోకు."

"బిందెలు నువ్వు లెక్కబెట్టకపోతే ఇది బయటపడకపోవు అన్నా," అన్నాడు హన్మంతు. "లెక్క నీదే సరి."

వెంకటస్వామి జేబులో నుంచి చిన్న కత్తి తీసి ఇస్రాయేలుకు ఇచ్చాడు. "గాట్లు నువ్వే పెట్టు. పసుపు మా ఇంట్ల నుంచి తెప్పిస్త." తరువాత స్వరూప వైపు తిరిగి, "నీ మిషన్ ఏదమ్మ, ఒకసారి చూపియ్యి," అన్నాడు. ఆమె తెర చూపించింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని, '0=' అన్న మొదటి వరుసను చాలాసేపు చూసి, ఏమీ అర్థం కాకపోయినా గౌరవంగా తల ఊపి తిరిగి ఇచ్చాడు.

ఇస్రాయేలు గాట్లు పెట్టిన ఆ కర్రతోనే వాన పడేదాకా నీళ్లు పంచారు. డ్రమ్ములతో కొలిచిన మరునాడు, ఈస్టరు ఉదయం, కాలనీ గడపలన్నీ కడిగి ఉన్నాయి. ఆ దారిన నేను నడిచి వెళ్లినప్పుడు నా చెప్పులకు అంటిన తడిమట్టి వాసన ఇప్పటికీ గుర్తుంది.

నేను ఆ మరుసటి ఏడు పదవీ విరమణ చేశాను. స్వరూప దూరవిద్యలో డిగ్రీ చదివి, ఆపైన బీఎడ్ చేసి, ఉద్యోగ పరీక్ష రాసి లెక్కల టీచరయింది. ఆమె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. అక్షరదోషాలు రెండు ఉంటే దిద్దాను. మిగతాదంతా ఆమె రాసినట్లే ఉంది.

మన్ననూర్,
12 జులై 2009.

పూజ్యులైన సార్ గారికి, స్వరూప నమస్కారాలు.

ఇక్కడ ఆడపిల్లల హాస్టల్ బడిలో చేరి నెల అయింది. చుట్టూ అడవి. పొద్దు గూకితే దారి మీద తిరగవద్దని ఫారెస్టువాళ్లు చెబుతారు. పిల్లలు మాత్రం ఏ చెట్టుకు తేనె ఉందో నాకు చెబుతారు. మా ఆయన ఇక్కడే హాస్టల్ సామాన్ల జీపు నడుపుతున్నాడు. మీకు దండం చెప్పమన్నాడు.

మీకు ఒక సంగతి చెప్పాలి సార్. హాస్టల్‌లో నాలుగు గదులకు ఒకటే నీళ్ల ట్యాంకు. నీళ్ల కోసం గది గదికీ జగడం. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇది నాకు తెలిసిన లెక్కే కదా అని కాలిక్యులేటర్ తీశాను. సెల్లులు ఒకేసారి తీస్తే లోపల రాసింది పోతుందని, ఇన్నేండ్లూ ఒకటి తీసి ఒకటి వేస్తూ ఆ సమీకరణాన్ని కాపాడుకుంటున్నాను. కొత్త అడ్డకొలత వేసి, లోతులు కట్టి, పట్టుదారంతో కర్రకు ముడులు వేసి, క్లాసులో పిల్లలకు గొప్పగా మన ఊరి కథంతా చెప్పాను. అంతా విని గీత అనే పిల్ల లేచి, "మేడం, మీ ఊరి ట్యాంకు పండుకున్నది, మాది నిలబడి ఉన్నది కద," అన్నది. కిటికీలోంచి చూస్తే నిజమే సార్. నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, నిటారుగా నిలబడి ఉంది. దానికి సమంగా పెట్టిన గాట్లే సరి. నేను వెంకటస్వామి పటేల్ చేసిన పనే తలకిందులుగా చేయబోయాను. పిల్లలంతా ఒకటే నవ్వు. నేను కూడా నవ్వాను. నాలుగు సమభాగాలు చేసి వాళ్లే గాట్లు పెట్టారు. ఇప్పుడు జగడం లేదు.

ఆ సాయంత్రం బాణం మీట నొక్కి పైకి పోయి, ఆ పాత సమీకరణాన్ని చెరిపేశాను. చెరిపేముందు జయరాజు సార్ కోసం కాగితం మీద రాసి పెట్టాను. తెర మీద '0=' ఒక్కటే మిగిలింది. ఇప్పుడు పిల్లలు రోజుకొకటి రాస్తున్నారు. కుండలు, గంపలు, తేనె డబ్బాలు, దేన్ని చూసినా లెక్కే. నిన్న గీత బ్రాకెట్ పెట్టబోతే అక్షరం తినేసింది. ఆదేశం, ఆగమం అని మీరు చెప్పింది చెప్పాను. ఇక్కడ అందరూ ఆ మీటను ఆగమం మీట అనే అంటున్నారు.

పోయిన నెల ఊరికి పోయి వచ్చాము. కొత్త కాలనీకి నల్లా వచ్చింది. ఇస్రాయేలన్న ఇంటి ముందరి నల్లా దగ్గర నిలబెట్టి నాకు నీళ్లు తాగించాడు. కర్ర వెంకటస్వామి పటేల్ ఇంట్లో దూలానికి వేలాడదీసి ఉంది. దారం రంగు పోలేదు.

మీరు వనపర్తికి వస్తే సన్న సెల్లులు నాలుగు తీసుకొని ఇటు రండి సార్. ఇక్కడ దొరకవు. గోడ మీద ఎండబెడితే కోతులు ఎత్తుకపోతున్నాయి.

ఇట్లు,
మీ స్వరూప.